మీసాల చేపలను వెతకడం ఎలా: చెరువు కట్ట నుంచి అభయారణ్యం దాకా

జెల్ల, మార్పు, ఇంగిలాయి, వాలుగ. మీసాల చేపల (క్యాట్‌ఫిష్) పేర్లు, అందరం విన్నవే. వీటిని చేపల బజారులో కాకుండా, నీళ్లలో బతికి తిరుగుతుండగా చూసినవాళ్లు మాత్రం మనలో చాలా తక్కువ. బొచ్చె, శీలావతి లాగా ఇవి పైకొచ్చి తళుక్కుమనవు. అడుగున, బురదలో, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి. అందుకే రోజూ కట్ట మీద నడిచేవాళ్లకు కూడా కంటపడవు.

కొల్లేరుకు గూడబాతులను చూడ్డానికి కెమెరాలు వేసుకుని వెళ్లేవాళ్లు ఇప్పుడు బోలెడంతమంది. ఆ గూడబాతుల నోట్లోకి వెళ్లే చేపల గురించి ఆగి చూసేవాళ్లు దాదాపు లేరు. పక్షికి ఇచ్చినంత ఓపిక చేపకూ ఇస్తే మన చెరువుల్లో చూడాల్సింది చాలా ఉంది. ఓపికతో పాటు ఎక్కడ కూర్చోవాలో, ఏ వేళకు కూర్చోవాలో తెలిస్తే చాలు. మిగతా పని చేపే చేసి పెడుతుంది.

ఇక్కడ చెప్పేది చూడ్డం గురించే, పట్టడం గురించి కాదు. గాలం, వల అక్కర్లేదు. మన మార్పును ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ఎర్ర జాబితాలో అంతరించిపోయే ప్రమాదమున్న చేపగా చేర్చారు. వాలుగకున్న ప్రమాదం దానికంటే ఒక్క మెట్టు మాత్రమే తక్కువ. ఒకప్పుడు వరి మళ్లలో చేత్తో తీసిన చేపకు ఈ పరిస్థితి వచ్చిందంటే, దొరికిన చోట దాన్ని దాని మానాన వదిలేయడమే న్యాయం.

ముందు చేపల బజారుకు వెళ్లండి

నీళ్లలో మీకు చేప కనిపించేది ఒక్క క్షణం. మూతి, వీపు మీద రెక్క, తోక ఊపు, అంతే. ఆ క్షణంలో గుర్తుపట్టాలంటే దాని ఆకారం ముందే కంట్లో ఉండాలి. హైదరాబాద్‌లో ఉంటే రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లండి. ఆదివారం వద్దు, ఆ రద్దీలో మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మామూలు రోజు పొద్దున్నే వెళితే మంచిది. ఊళ్లో ఉంటే వారపు సంత చాలు. "అక్కా, ఇది జెల్లేనా? ముల్లు ఎక్కడుంది?" అని అడిగితే చేపలమ్మే ఆవిడ పట్టుకుని మరీ చూపిస్తుంది. ఆవిడ కత్తి ముందుగా ఎక్కడ పడుతుందో గమనించండి. వీపు మీద ఒకటి, చెంపల వెనక చెరొకటి, మొత్తం మూడు ముళ్లు తీసేశాకే మిగతా కోత. జెల్లతో జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లు అవే.

ఈ చేపల్లో దేనికీ పొలుసులుండవు, ఒళ్లంతా నున్నగా జిగురుగా ఉంటుంది. అన్నిటికీ మీసాలుంటాయి. కాబట్టి మీసాలను బట్టి ఇది ఏ రకమో తేల్చడం కష్టం. వీపు చూడండి.

మార్పుకు తల వెనక నుంచి తోక దాకా వీపు పొడుగునా ఒకే రెక్క సాగుతుంది. తోక గుండ్రంగా ఉంటుంది. ఇంగిలాయికి వీపు మీద చిటికెడు రెక్క మాత్రమే, అదీ ముందు వైపు. మిగతా వీపంతా బోడిగా ఉంటుంది, కింద పొట్ట వైపు మాత్రం పొడుగాటి రెక్క. కొన్ని ఊళ్లలో ఈ రెండింటినీ మార్పు అనే అంటారు, అందుకే పేరు విని ఊరుకోకుండా వీపు చూడమంటున్నాను. జెల్లకు వీపు మీద ముల్లున్న రెక్క ఒకటి, దాని వెనక ముల్లూ ఈనెలూ లేని మెత్తటి కొవ్వు రెక్క ఇంకొకటి, తోక రెండుగా చీలి ఉంటుంది. వాలుగను మాత్రం నోరు చూసి చెప్పొచ్చు. నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. అంత నోరు మన మంచినీటి చేపల్లో అరుదు.

రెండు మూడు సార్లు ఇలా వెళ్లొస్తే చాలు. తర్వాత మసక వెలుతురులో వీపు ఒక్కసారి కదిలినా "ఇది మార్పు" అని నోటికి వచ్చేస్తుంది.

ఎక్కడ వెతకాలి

మార్పు, ఇంగిలాయి నేరుగా గాలి పీల్చగలవు. మొప్పలున్నా, మార్పుకు ఆ మొప్పల పైన చెట్టు కొమ్మల్లా చీలిన ఒక అవయవం ఉంటుంది. ఇంగిలాయికి మొప్పల గది నుంచి వెనక్కి, ఒంట్లోకి సాగిన రెండు గాలి గొట్టాలుంటాయి. అందుకే మిగతా చేపలు ఊపిరాడక చచ్చిపోయే నీళ్లలో కూడా ఇవి బతుకుతాయి. వీటి కోసం తేటగా ఉన్న నీటి దగ్గర కూర్చుంటే రోజు వృథా. జమ్ము, తుంగ పెరిగిన అంచులు, గుర్రపు డెక్క కమ్మిన మూలలు, ఎండాకాలంలో శిఖంలో, అంటే చెరువు గర్భంలో, మిగిలిన బురద గుంటలు, పొలాల మధ్య మురుగు కాలువలు, అక్కడ చూడండి.

జెల్లలకు కొంచెం మెరుగైన నీళ్లు కావాలి. తూము నోటి దగ్గర, రాతి మెట్ల సందుల్లో, వంతెన స్తంభాల మొదట్లో గుంపులుగా ఉంటాయి. గుడి కోనేట్లో భక్తులు బొరుగులు వేసే చోట కాసేపు నిలబడి చూడండి. పైన పెద్ద చేపలు ఎగబడుతుంటాయి, అందరూ వాటినే చూస్తుంటారు. ఆ గలాటా సద్దుమణిగాక, నీళ్లలో మునిగిన మెట్టు మీద, నానిన బొరుగులను మీసాలతో తడుముకుంటూ వచ్చేవి చిన్న జెల్లలు. వీటికి మీసాల మీదే రుచి తెలుస్తుంది. బొరుగు పక్కనుంచి వెళ్తూ మీసం దానికి తగలగానే టక్కున ఆగి, వెనక్కి తిరిగి, దాన్ని నోట్లోకి లాక్కోవడం స్పష్టంగా కనిపిస్తుంది. కంటితో వెతుక్కోవడం లేదని అర్థమవుతుంది.

వాలుగ, పెద్ద జెల్లలు గోదావరి, కృష్ణల్లో లోతైన మడుగుల్లో ఉంటాయి. ఒడ్డున కూర్చుని వీటిని చూడాలనుకోవడం ఎక్కువ ఆశ. పాపికొండల దగ్గర లాంచీలో వెళ్లేవాళ్లు కూడా చూసేది నీటి పైభాగాన్నే. కానీ సాయంత్రం పూట మడుగు అంచున చిన్న చేపలన్నీ ఒక్కసారి గుప్పుమని గాల్లోకి ఎగిరితే, కింద వేటాడేది వాలుగ అయి ఉండొచ్చు. పడవ నడిపే అన్నను అడగండి, ఏ మడుగులో ఏముంటుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అభయారణ్యాల సంగతికొస్తే, నేను ముందుగా చెప్పేది కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్‌లో చేరింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లు ఇక్కడ చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతాయి. లోతు తక్కువ, గడ్డి ఎక్కువ, బురద నేల. మీసాల చేపలకు ఇంతకంటే ఏం కావాలి? కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రం నుంచి మొదలుపెట్టండి. తెలంగాణలో నర్సంపేట దగ్గరి పాకాల చెరువు మంచి చోటు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువది, చుట్టూ అడవి. సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యం కూడా బాగుంటుంది కానీ అక్కడ మొసళ్లున్నాయి. అక్కడికి వెళితే నీటి అంచుకు పోకండి, చెప్పిన దారిలోనే నడవండి. నగరం దాటలేనివాళ్లకు హైదరాబాద్ అంచునే అమీన్‌పూర్ చెరువుంది, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు.

ఎవరిని అడగాలి

అభయారణ్యంలో అడుగుపెట్టే ముందు అటవీ శాఖ వాళ్ల దగ్గర టికెట్టో, అనుమతో తీసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంలో అనుమతి లేకుండా చేపను పట్టడం నేరం. "ఫొటో తీసి వదిలేస్తాను సార్" అన్నా కుదరదు. రాత్రి పూట లోపలికి రానివ్వరు, రానివ్వకపోవడమే మంచిది. అక్కడ తెల్లవారుజాము, సాయంత్రం మాత్రమే మీకు మిగిలే వేళలు. తిండి వేసి చేపను రప్పించడం కూడా అక్కడ చేయకండి.

రాత్రి చూడాలంటే ఊరి చెరువే దిక్కు. అక్కడ చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది. వెళ్లే ముందే సంఘం పెద్దతో ఒక మాట మాట్లాడండి. అర్ధరాత్రి కట్ట మీద టార్చి వేసుకుని తిరిగే కొత్త మనిషిని ఎవరైనా చేపల దొంగే అనుకుంటారు. ముందుగా చెప్పి వెళితే మాత్రం అనుమానం పోవడమే కాదు, వాళ్లలో ఒకరు మీతో పాటు వస్తారు కూడా. వచ్చినాయన చూపించే చోట్లు మీరు నెల రోజులు తిరిగినా కనిపెట్టలేరు. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లలోనే ఉన్నవాళ్లు. వాళ్లను పేరుతో పిలవకండి, వయసును బట్టి అన్నా, బాబాయ్, పెద్దాయనా అనండి. వాళ్లు మాట్లాడుతుంటే ఫోన్ బయటికి తీయకండి.

ఏ వేళకు వెళ్లాలి

పగలు నీటి మొక్కలు, నాచు నీటిలోకి ఆక్సిజన్ వదులుతాయి. రాత్రంతా మొక్కలు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకని నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. గాలి పీల్చే చేపలు ఎక్కువసార్లు పైకి రావాల్సింది కూడా అప్పుడే. చీకటి విడిపోయి, ఎండ ఇంకా పడని ఆ అరగంట, మబ్బు పట్టి గాలి కదలని రోజైతే మరికాసేపు, మీకు దొరికే బంగారం లాంటి సమయం. ఒక రోజులో ఒక్క పూటే వెళ్లగలిగితే సాయంత్రం వదిలేసి ఈ పూటకు వెళ్లండి.

ఏడాదిలో అయితే ఏప్రిల్, మే నెలలు. చెరువు కుంచించుకుపోయి నీళ్లు కొద్దిపాటి గుంటల్లో మిగులుతాయి, చేపలన్నీ అక్కడికే చేరతాయి. ఎండ దెబ్బ తగలకుండా తొమ్మిదింటికల్లా ఇల్లు చేరండి. ఆ తర్వాత తొలకరి వానలు. దాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి, కాస్త ఆగండి.

కట్ట మీద కూర్చుని ఏం చూడాలి

చోటు ఎంచుకున్నాక కూర్చోండి, నడవకండి. ఈ చేపల ఒంట్లో గాలి తిత్తిని చెవితో కలిపే చిన్న ఎముకల వరుస ఉంటుంది, అందువల్ల చప్పుడు బాగా పట్టేస్తాయి. కట్ట మీద మీరు వేసే అడుగు వాటికి తెలుస్తుంది. మీ నీడ నీళ్లలో పడకుండా తూర్పు ఎదురుగా ఉండేలా కూర్చుంటే మంచిది. నీటి మీద మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే పెట్టుకోండి, బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. రెండూ లేకపోయినా ఏం పర్వాలేదు.

మొదటి పావుగంట ఏమీ కనపడదు. తర్వాత చూడండి.

గడ్డి అంచున, నీరు కదలని చోట, ఉన్నట్టుండి చిన్న సుడి. కింద నుంచి నిటారుగా వచ్చిన మూతి నీటి పైభాగాన్ని పగలగొట్టి, ఒక్క గుక్క గాలి మింగి, అక్కడికక్కడే వెనక్కి తిరిగి బురదలోకి దూకేస్తుంది. దూకేటప్పుడు తోక నీటిని చరుస్తుంది, బుడుంగుమని చప్పుడు. దాని వెనకే నాలుగైదు బుడగలు పైకొస్తాయి, అవి మొప్పల్లోంచి వదిలిన పాత గాలి. మొత్తం జరిగేది రెప్పపాటులో. మార్పు, ఇంగిలాయి శ్వాస తీసుకునే తీరు ఇది.

కంగారు పడి అటు పరిగెత్తకండి. అదే చేప మళ్లీ వస్తుంది, చాలాసార్లు అదే చోటుకు వస్తుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, రెండు గుక్కల మధ్య ఎంతసేపు పడుతుందో చూడండి. ఎండ ఎక్కేకొద్దీ ఈ ఎడం పెరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ పెరుగుతోందని మీకు చేపే చెబుతోందన్నమాట. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఏ పరికరమూ లేకుండా ఒక చెరువు ఎలా ఊపిరి తీసుకుంటోందో కట్ట మీద కూర్చుని లెక్క కట్టొచ్చు.

పైకి వచ్చేవన్నీ మీసాల చేపలే కావు. కొరమీను కూడా గాలి పీలుస్తుంది. కానీ దానికి తొందర ఉండదు, నెమ్మదిగా తేలి, మూతి ఆనించి, పైపైనే కాసేపు ఉంటుంది. పక్కనే ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే అది కచ్చితంగా కొరమీనే. తాబేలు తల బయట పెట్టి అటూ ఇటూ చూస్తుంది. నీరుకట్టు పాము తల ఎత్తి గీత గీసినట్టు సాగిపోతుంది. ఒకే చోట నుంచి ఆగకుండా వరుసగా బుడగలు వస్తుంటే అది బురదలోంచి వచ్చే వాయువు మాత్రమే. బుడగల వరుస మెల్లగా పక్కకు కదులుతుంటే కింద ఎవరో బురద తవ్వుతున్నట్టు.

పక్షులను కూడా గమనించండి. నీటికాకి మునిగి ఒక చేపతో తేలిందనుకోండి. మామూలు పరిగె అయితే క్షణంలో మింగేస్తుంది. జెల్ల అయితే అలా కుదరదు. ముల్లు నిక్కబొడుచుకుని ఉంటుంది కాబట్టి, నీళ్ల మీద కొట్టి, విదిలించి, తిప్పి తిప్పి, చివరికి తల ముందుగా గొంతులోకి వెళ్లేలా సర్దుకుంటుంది. ఈ కుస్తీ కనిపించిందంటే ఆ చుట్టుపక్కల జెల్లలున్నాయని రాసుకోవచ్చు.

రాత్రి టార్చితో

రాత్రి జెల్లలు ఒడ్డుకు, మోకాలి లోతు నీళ్లకు వచ్చేస్తాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, పెళ్లి బహుమతులకు చుట్టే, వెలుగు దాటే పల్చటి మెరుపు కాగితం చాలు. తెల్లటి వెలుగు నేరుగా పడితే చేప బెదిరిపోతుంది. ముందు పక్కనుంచి ఎర్ర వెలుగుతో వెతికి, కనపడ్డాక మాత్రమే ఒక్క క్షణం తెల్ల వెలుగు వేయండి. నీళ్లు బురదగా ఉంటే ఎంత వెలుగు వేసినా లాభం లేదు, మెట్లున్న చోటుకు, తూము దగ్గరికి మారండి.

మిగతాదంతా మీ జాగ్రత్త గురించే. ఒంటరిగా వెళ్లకండి. మోకాలి దాకా వచ్చే బూట్లు వేసుకోండి, చేతిలో కర్ర ఉండాలి. కట్ట మీద గడ్డిలో రక్తపింజర, కట్లపాము తిరిగే వేళ అది. పూడిక తీసిన చెరువుల్లో ఒడ్డు పక్కనే నిలువు లోతు గుంతలుంటాయి, ఎండాకాలం చూసిన చోటే కదా అని వానాకాలం దిగకండి. అన్నిటికంటే ముఖ్యం, పొలాల గట్ల మీద నుంచి చెరువుకు అడ్డదారిలో పోకండి. అడవి పందుల కోసం కొందరు కరెంటు తీగలు కడతారు. చట్టవిరుద్ధమే, అయినా కడతారు, ఏటా మనుషులు చనిపోతున్నారు. బండి దారి నుంచే వెళ్లండి.

తొలకరి, మత్తడి

మృగశిర కార్తె దాటి మొదటి గట్టి వాన పడిందంటే మీసాల చేపలకు అది గుడ్లు పెట్టే కాలం. కొత్త నీరు ఎటు నుంచి వస్తుంటే అటు ఎదురెక్కుతాయి. చెరువులోకి దిగే వాగులు, బోదె కాలువలు, నీళ్లు నిలిచిన మళ్లు, అన్నిట్లోకీ ఎక్కేస్తాయి. మార్పు గట్టు వారన గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది, మగచేప కాపలా కాస్తుంది. ఇలాంటి గుంట కనిపిస్తే వంగి చూడండి, చెయ్యి పెట్టకండి. నాలుగు రోజుల కాపలా చెదిరితే ఆ గుడ్లన్నీ పోతాయి.

వాన పడి తగ్గిన రాత్రి మార్పు నీళ్లు దాటి నేల మీద కూడా నడుస్తుంది. చెంపల పక్కన ముళ్లు నేలకు ఆనించి, ఒళ్లు అటూ ఇటూ మెలితిప్పుతూ తడి గట్టు మీద నుంచి పక్క మడిలోకి చేరుతుంది. పెద్దవాళ్లను అడగండి, దారిలో మార్పులు దొరికిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఇప్పుడు ఆ కథలు తగ్గిపోవడానికి కారణం మళ్లలో కొట్టే పురుగుమందులు కొంత, పూడ్చేసిన కుంటలు కొంత.

అమెరికాలో ఫ్లోరిడాలో ఉన్న మనవాళ్లు ఇలాంటి చేప వాన రాత్రి రోడ్డు దాటడం చూసే ఉంటారు. అది మన మార్పుకు దగ్గరి చుట్టం, 1960లలో థాయిలాండ్ నుంచి పెంపకానికి తెచ్చారు, తప్పించుకుని వ్యాపించింది. అక్కడ అది రాకూడని చేప. ఫొటో తీసుకోండి, బతికున్నదాన్ని మాత్రం ఇంటికి తేకండి, అది అక్కడ చట్టరీత్యా నిషేధం.

మత్తడి, అంటే ఆంధ్రలో అలుగు, పారేటప్పుడు ఊరంతా చూడ్డానికి వస్తుంది. కింద నురగలో చేపలు ఎగిరి పైకెక్కాలని చూస్తుంటాయి. అక్కడ నిలబడాల్సింది ఎత్తైన గట్టు మీద. పాకుడు పట్టిన రాతి మీద కాలు జారితే ఈత వచ్చినా బయటపడటం కష్టం, పిల్లలను చెయ్యి వదలకండి.

మన మార్పా, ఆఫ్రికా నుంచి వచ్చిందా?

ఈ ఒక్క ప్రశ్న కోసమైనా మీరు కట్ట మీదకు వెళ్లాలని నా కోరిక. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను మన దేశంలో పెంచడాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. అయినా కోడి వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచే చెరువులు రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడుతూనే ఉన్నాయి. వరదకు గట్టు తెగితే అవి కాలువల్లోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి వచ్చేస్తాయి. కనిపించిన ప్రతి చేపనూ తినే చేప అది, మన మార్పుకు గుడ్లూ పిల్లలూ మిగలవు.

రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఎందుకంటే దగ్గరి జాతులే. పరిమాణం మొదటి గుర్తు. మూర పొడవు దాటి, తొడంత లావుగా కనిపిస్తే అది మన మార్పు కాదు. తల చూడండి, ఆఫ్రికా చేప తల ఒంటితో పోలిస్తే పెద్దగా, బల్లపరుపుగా ఉంటుంది. తల పైన ఎముక వీపులో కలిసే అంచు మన మార్పుకు ఒకే మొన తేలి ఉంటుంది, దానికి మూడు వంపులుగా ఉంటుంది. దాని ఒంటి మీద మచ్చలు మచ్చలుగా పాలరాయి రంగులుంటాయి, మన మార్పు ముదురు గోధుమ రంగులో ఒకే తీరుగా ఉంటుంది. దూరం నుంచి చూసి తేల్చలేకపోతే, స్పష్టమైన ఫొటో తీసి మత్స్య శాఖ వాళ్లకు చూపించండి.

ఇంకొక పరాయి చేప సక్కర్ ఫిష్. అక్వేరియం అద్దాలకు అతుక్కుని నాచు తినే నల్లటి చేప తెలుసు కదా, అదే. ఇంట్లో పెద్దదైపోయిందని జనం చెరువుల్లో వదిలారు. ఒళ్లంతా గట్టి పలకల కవచం. వల చింపేస్తుంది, గట్టుకు బొరియలు తవ్వుతుంది. తూర్పు కనుమల్లో ఇది ఎక్కడెక్కడ చేరిందో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాలోని డీఎన్ఏను పరీక్షించే పద్ధతిని తయారు చేశారు. రాత్రి టార్చి వెలుగులో మెట్ల మీద, రాళ్ల మీద ఇది కదలకుండా అతుక్కుని కనిపిస్తుంది, వెతికే శ్రమ కూడా ఉండదు. మీ ఇంట్లో అక్వేరియం ఉంటే, అందులోని ఏ చేపనూ చెరువులో, బావిలో, గుడి కోనేట్లో వదలకండి. పుణ్యం అనుకుని వదిలేవాళ్లకు దయచేసి ఈ సంగతి చెప్పండి.

ముల్లు గుచ్చుకుంటే

ఒడ్డున కొట్టుకుంటున్న చేపను నీళ్లలోకి నెట్టాలనిపిస్తుంది. చేత్తో కాదు, కర్రతోనో చెప్పుతోనో నెట్టండి. ఇంగిలాయి ముల్లుకు విషం ఉంటుంది, నొప్పి మామూలుగా ఉండదు, చెయ్యంతా పాకుతుంది. గుచ్చుకుంటే టెన్షన్ పడకుండా గాయాన్ని మంచినీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ భాగాన్ని అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచండి. నీళ్లు 45 డిగ్రీలు దాటకూడదు, కాలిపోతుంది. నొప్పితో మొద్దుబారిన చేతికి వేడి సరిగా తెలియదు కాబట్టి పక్కవాళ్లను ముందు వేలు పెట్టి చూడమనండి. కోయడం, నోటితో పీల్చడం, పసరు కట్టడం వద్దు. ముల్లు ముక్క లోపల ఉండిపోయే అవకాశం ఉంది, ఆస్పత్రికి వెళ్లి చూపించుకుని ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా వేయించుకోండి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లు వాచినా వేడి నీళ్ల కోసం చూడకుండా వెంటనే బయల్దేరండి.

చూసింది రాసుకోండి

జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, వేళ, మబ్బా ఎండా, నీళ్లు ఎంతున్నాయి, ఏ చేప, ఏం చేస్తోంది. ఏమీ కనిపించని రోజు కూడా రాయండి. నిరుడు మే నెలలో మార్పులు వచ్చిన గుంటలో ఈ ఏడాది ఒక్కటీ రాలేదంటే అది పెద్ద వార్త. రాసి పెట్టకపోతే ఆ వార్త ఎవరికీ తెలియదు. ఫొటో దొరికితే ఐనాచురలిస్ట్‌లో (చూసిన జీవుల ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్) పెట్టండి, రకం తేల్చడానికి తెలిసినవాళ్లు సాయం చేస్తారు. మార్పు, వాలుగ ఫొటోలకు మాత్రం కచ్చితమైన చోటు కనపడకుండా దాచే వీలు అందులో ఉంది, దాన్ని వాడండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, సక్కర్ ఫిష్ అయితే చోటు దాచొద్దు, చెరువు పేరు, గ్రామం, మండలం అన్నీ పెట్టండి. మీతో పాటు కట్ట మీదకు వచ్చిన సంఘం మనిషికి కూడా ఆ ఫొటో పంపండి. ఆయన చెరువు అది, ముందు తెలియాల్సింది ఆయనకే.